విల్లు రెండుసార్లు మోగిన గది

పర్చూరు వైపు ఒక ఊళ్లో ఒక మిర్చి రైతు ఉండేవాడు. ఆ ఏడు తేజ రకానికి గుంటూరు యార్డులో మంచి ధర పలికింది. టిక్కీలన్నీ అమ్ముడుపోయాక అప్పులు తీర్చి, మిగిలిన డబ్బుతో చిన్ననాటి కోరిక తీర్చుకున్నాడు. స్టీరియో కొన్నాడు.

ఆ కోరిక అసలు తండ్రిది. షేక్ చినమౌలానా నాదస్వరమంటే ఆయన చెవి కోసుకునేవాడు. ఒంగోలు పక్కన కరవదిలో 1924లో పుట్టి, శ్రీరంగంలో కాపురముండి, నాదస్వరం తమ సొత్తనుకునే తమిళుల చేతే శభాష్ అనిపించుకున్న విద్వాంసుడు చినమౌలానా. తండ్రి పోయాడు, కేసెట్లు మిగిలాయి. వాటిని పెద్ద శబ్దంతో వినాలి, అంతే.

గది కొత్తది. 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, పైన స్లాబు. గోడలకు పుట్టీ పట్టించి గాజులా నునుపు చేయించాడు. నేలకు చీమకుర్తి నల్లరాయి పరిపించాడు, ముఖం చూసుకోవచ్చు. మన ఇళ్లలో అందరూ చేసే పనే చేసి, ఒక స్పీకరును షోకేసు నెత్తిన పెట్టాడు. రెండోదాన్ని మూలకు నెట్టాడు.

మీట నొక్కితే నాదస్వరం చెవిలో సూది గుచ్చినట్టుంది. డోలు బావిలోంచి కొట్టినట్టు గుంయ్‌మంటోంది. శక్తి చాలలేదనుకుని 100 వాట్ల ఆంప్లిఫయర్ తీసేసి 200 వాట్లది తెచ్చాడు. సూది కాస్తా దబ్బనమైంది. స్పీకర్లు కూడా మార్చాడు.

"ఏడాది పంటంతా తీసుకెళ్లి గోడకేసి కొడుతున్నారు కదండీ" అంది భార్య. వెటకారానికే అంది గానీ, జరుగుతున్నది అక్షరాలా అదే.

ఎండాకాలం వచ్చింది. పరుపులు విప్పి దూది ఏకించుకునే రోజులు. ఊళ్లోకి దూదేకుల తాత వచ్చాడు. బయట వడగాడ్పుకి దూది ఎగిరిపోతోందని రైతు స్టీరియో మీద దుప్పటి కప్పి, తాతను ఆ గదిలోనే కూర్చోమన్నాడు. తాత విల్లు తీసి, కొయ్యతో నారి మీద ఒక దెబ్బ వేశాడు. ఆగాడు. మళ్లీ వేశాడు.

"అబ్బాయ్, ఈ గదిలో నా విల్లు రెండుసార్లు మోగుతోందయ్యా."

"విల్లు మోగక ఏం చేస్తది తాతా?"

"నేను ఒకసారే కొడుతున్నా. రెండోది నీ గోడ కొడుతోంది."

ఈ సీమలో చాలా ఊళ్లలో దూది ఏకిన చేతులే పెళ్లి పందిట్లో సన్నాయి పట్టేవి. ఈ తాతవీ అలాంటి చేతులే. పందిరిలో, గుడి మండపంలో, నాలుగు గోడల మధ్య ఊది చూసినవాడికి గోడల సంగతి తెలుస్తుంది.

సాయంత్రానికి నాలుగు పరుపులు తయారయ్యాయి. కుట్టినవాటిని కుట్టినట్టు గోడలకు ఆనించాడు. కూలి లెక్క తేలేలోపు రైతు ఊరికే కేసెట్ పెట్టాడు. శబ్దం పెంచలేదు. అయినా చినమౌలానా ఊపిరి తీసుకోవడం వినపడింది. పాటకీ పాటకీ నడుమ డోలు విద్వాంసుడు వార్లు సవరించుకోవడం కూడా. అన్నాళ్లుగా అదంతా ఆ కేసెట్‌లోనే ఉంది.

ఆ రాత్రి తాత వెళ్లలేదు. షోకేసు మీది స్పీకరును దింపించాడు, మూలదాన్ని మూడడుగులు ఇవతలికి లాగించాడు. రెండింటినీ కూర్చున్న మనిషి చెవి ఎత్తుకు పీటలేసి నిలబెట్టాడు. "ముక్కాలిపీట చూశావుగా, మూడు కాళ్లూ సమదూరం. రెండు కాళ్లు ఇవి, మూడో కాలు నువ్వు" అన్నాడు. పరుపులు ఎక్కడ ఆనించాలన్నది మాత్రం భార్య తేల్చింది. మొగుణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, పక్కగోడ వెంట చేతి అద్దం జరుపుకుంటూ పోయింది. అద్దంలో స్పీకరు కనపడిన చోట బొగ్గుతో గీత పెట్టింది. వెలుగు తిరిగొచ్చే దారినే మోతా తిరిగొస్తుంది మరి.

మనిషికి మేలు తెలిశాక ఆగడం చేతకాదు. మర్నాడు రైతు ఇంట్లో ఉన్న పరుపులు, బొంతలు, పత్తి బోరాలు అన్నీ ఆ గదిలోకి తోయించాడు. పాట చచ్చిపోయింది. తాత విని, సగం బయటికి లాగించాడు. "ఊదేవాడికి చావిడి కావాలి గానీ, గొయ్యి కాదయ్యా" అన్నాడు.

నీతి: గొంతు పెంచేముందు, మన మాటకు గోడ తన మాట ఎంత కలుపుతోందో వినాలి.

నీతి చిన్నదే, లెక్క మాత్రం పక్కాగా ఉంది. వాట్లు రెండింతలు చేస్తే పెరిగేది 3 డెసిబెళ్లే, చెవికి కాస్త పెరిగినట్టుంటుంది, అంతే. రెండింతలు గట్టిగా వినపడాలంటే దాదాపు పదింతల వాట్లు కావాలి. అప్పుడు గోడ మోత కూడా అదే పాళ్లలో పెరుగుతుంది, కాబట్టి పాటకీ మోతకీ మధ్య తగువు ఎక్కడిదక్కడే. 12 అడుగుల గదిని ధ్వని ఒక్క సెకనులో 90 సార్లకు పైగా దాటగలదు. నల్లరాయి, పుట్టీ గోడ దాన్నుంచి మింగేది బహు స్వల్పం.

మెత్తలు మోతను మింగుతాయని కొలిచి చూపినవాడు వాలెస్ సబైన్. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంవారు ఒక ఉపన్యాస మందిరం బాగుచేయమని ఆ కుర్ర ఆచార్యుడికి అప్పగించారు. అక్కడ అన్న మాట 5 సెకన్లకు పైగా గాల్లో తిరుగుతుండేది. ఆయన సాండర్స్ థియేటర్ కుర్చీల మెత్తలు రాత్రిళ్లు మోయించి తెచ్చి, ఒక్కొక్క వరుసా పేర్చుతూ మోత ఎంతసేపట్లో చస్తుందో గడియారంతో చూశాడు. మన తాత చేతిలో గడియారం లేదు, విల్లు ఉంది.

అయితే ఈ నీతికి ఒక చిల్లుంది, దాచడం నాకిష్టం లేదు. పరుపు సన్నాయి పదునును మింగుతుంది గానీ డోలు గుంయ్‌మనే మోతను అంతగా మింగలేదు. ఆ కొలతల గదిలో ఎదురెదురు గోడల మధ్య ఇరుక్కునే మొట్టమొదటి స్వరం సెకనుకు సుమారు 47 కంపనాలది. దాని అల పొడవు 24 అడుగులు. అంత అలకు నాలుగంగుళాల పరుపు ఏమాత్రం? పైగా పొడవూ వెడల్పూ ఒకటే కావడంతో రెండు వైపులా అదే స్వరం పోగుపడుతుంది. అక్కడ పనికొచ్చింది స్పీకరును మూలనుంచి లాగడం, కుర్చీని గోడకు ఆనించకుండా ముందుకు జరపడం. జరపడానికి డబ్బు కాదు, ఒక మనిషి సాయం చాలు.

సంక్రాంతికి కూతుళ్లూ అల్లుళ్లూ వచ్చారు. పరుపులు నాలుగూ మంచాలెక్కాయి. పెద్దల్లుడు ముచ్చటపడి కేసెట్ పెట్టించుకుని, "ఇంత ఖర్చు పెట్టారు, ఏంది మామయ్యా ఈ మోత?" అన్నాడు. రైతు అతను పడుకున్న మంచం వైపు చూసి ఊరుకున్నాడు.