శక్తివంచన లేకుండ

పఠనభాగము: మార్కు 12:41–44

సంపూర్ణ ప్రయత్నమును తెలుపుటకు ఆంగ్లేయులు ‘పుల్ అవుట్ ఆల్ ది స్టాప్స్’ అందురు. దీనిని మాటకు మాటగా తెనిగించినయెడల అర్థము పోయి అయోమయము మిగులును. ఈ నుడికారము దేవాలయములలోని పైప్ ఆర్గన్ నుండి పుట్టినది. ఆ వాద్యమునందు గొట్టముల వరుసలు అనేకములు. వరుసకొక పిడి యుండును. మన హార్మోనియము ముందుభాగమున గల పిడులవంటివే అవి. పిడి లాగనియెడల, మెట్లను ఎంత గట్టిగా నొక్కినను ఆ వరుస మ్రోగదు. పిడులన్నియు లాగినప్పుడు వాద్యము పూర్ణస్వరముతో పలుకును.

వాయించువాడు తన రొమ్ములోని ఊపిరిని ఊదుటలేదు సుమా! గాలి వాద్యములోనే సిద్ధముగా నున్నది. అడ్డు తీయుటయే అతని పని. హెబ్రీ ‘రూఆహ్’, గ్రీకు ‘న్యూమా’ అను పదములు గాలికిని ఆత్మకును చెల్లుచున్నవి. తనలో పనిచేయు క్రీస్తు బలమునుబట్టియే తాను ప్రయాసపడుచున్నానని పౌలు సాక్ష్యమిచ్చెను (కొలొస్స. 1:29).

మన తెలుగులో ‘శక్తివంచన లేకుండ’ అందుము. ఉన్నదానిని దాచుకొనుట వంచన. లేనిదానిని ఇయ్యలేకపోవుట వంచన కాదు. అననీయ సప్పీరాలు పొలము అమ్మిన సొమ్ము తెచ్చియు, కొంత దాచి వంచకులైరి. బీద విధవరాలు రెండు కాసులే వేసెను గాని ఆమె చేతిలో ఏమియు మిగులలేదు. ప్రభువు ఆ మిగులును చూచెను.

ఆస్కార్ లోర్ అను మిషనరీ 1857 తిరుగుబాటు కాలమున చోటానాగపురపు సేవను విడిచి పోవలసివచ్చెను. అయినను 1868లో ఆయన అమెరికానుండి మరల వచ్చి, రాయపూరు ప్రాంతమున సత్నామీల మధ్య సేవ ఆరంభించెను. అచ్చట వెలసిన గ్రామము పేరు బిశ్రాంపూర్, అనగా విశ్రాంతిపురము. అంత ప్రయాసము జరిగిన చోటికి ఎంత చక్కని పేరు!

ప్రియ చదువరీ, రాయపూరు చెంత ఉర్లా, సిల్తరా కర్మాగారములలో రాత్రిపని ముగించి ఇల్లు చేరిన విశ్వాసి, నిద్ర ముంచుకొనివచ్చుచుండగా రెండు మాటలే ప్రార్థించి, “ప్రభువునకు నేనేమియు ఇయ్యనైతిని” అని కుమిలిపోవచ్చును. సోదరుడా, అవి నీ రెండు కాసులు. ప్రభువు వాటిని ఎరుగును. అయితే తీరికయు బలమును కలిగియు రెండు మాటలతో సరిపెట్టువాడు తన్ను తాను పరీక్షించుకొనవలెను. నీలో ఇంకను లాగని పిడి ఏది?

ప్రార్థన: ప్రభువా, మేము దాచుకొన్నదానిని మాకు చూపుము. మాకు లేనిదానిగూర్చిన దిగులు తొలగించుము. ఆమేన్.