బాల్కనీలో పుదీనా

హైదరాబాద్ టోలిచౌకిలో బిర్యానీ ఘుమఘుమ లేని వీధి ఉండదు, పుదీనా పడని బిర్యానీ ఉండదు. కానీ అపార్ట్‌మెంట్లలో జానెడు మన్నెక్కడిది అంటారా? కథా రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు ఇదే హైదరాబాద్ శివార్లలో, నారపల్లిలో, మిద్దె మీద కూరగాయలు పండించి ఎందరి చేతో తోటలు వేయించారు.

మిద్దె లేకుంటే బాల్కనీ చాలు. పుదీనా ఆకులు దూసుకున్నాక ముదురు కాడలు పారేయకండి. గ్లాసు నీళ్లలో నిలబెడితే వారం పది రోజుల్లో కణుపుల దగ్గర తెల్లటి వేళ్లు తొంగిచూస్తాయి. ఖాళీ పెరుగు బకెట్‌లో ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలిపి నాటేయండి. బకెట్ అడుగున చిల్లులు తప్పనిసరి. కుండీల్లో మొక్కలు ఎక్కువగా చచ్చేది నీళ్లు చాలక కాదు, ఎక్కువై.

కొత్తిమీర కావాలంటే ధనియాలను రెండు బద్దలుగా నలిపి చల్లండి, చలికాలంలో అయితే మరీ మంచిది. ఎండలు ముదిరితే కొత్తిమీర ఆకు మానేసి పూతకొస్తుంది. టమాటా, వంగలకు ఐదారు గంటల ఎండ కావాలి. నీడ బాల్కనీలో వాటి జోలికి పోకపోవడమే మేలు.

ఈ పూట పచ్చడికి పుదీనా తెస్తే, నాలుగు కాడలు పక్కన పెట్టండి.