పెట్టెలో ఆగిపోయిన గడియారాలు

గత రమజాన్‌కు కొద్ది రోజుల ముందు ఒక సోదరుడు మమ్మల్ని కలుసుకున్నారు. గల్ఫ్‌లో మంచి ఉద్యోగం. ఐదు పూటలా నమాజు చేసే మనిషి. సెలవు మీద ఇంటికి వచ్చారు. మాటల మధ్యలో ఒక తోలుపెట్టె తీసి మా ముందు తెరిచారు. తొమ్మిది గడియారాలు పట్టే పెట్టె అది. ఒకటి ఆయన చేతికుంది, ఎనిమిది పెట్టెలో ఉన్నాయి. అన్నీ స్విట్జర్లాండ్‌లో తయారైనవే. అన్నీ బ్యాటరీ లేకుండా స్ప్రింగు బలంతో నడిచేవే.

"జనాబ్, నేను తాగను, జూదమాడను, సినిమాలకు పోను. నాకున్న సరదా ఇదొక్కటే. ఇందులో తప్పేమైనా ఉందా?" అని అడిగారు.

మేము వెంటనే జవాబు చెప్పలేదు. పెట్టెలోకి చూశాం. ఎనిమిది గడియారాలూ ఆగిపోయి ఉన్నాయి. ఒకటి పది గంటలంటోంది, ఇంకొకటి మూడున్నర అంటోంది. ఇంతలో అస్ర్ అజాన్ వినిపించింది. లేచి మస్జిదుకు వెళ్ళాం.

తిరిగి వస్తుంటే దారిలో ఆ సోదరుడే మళ్ళీ నోరు విప్పారు. "అసలు సంగతి వేరే ఉంది. మా అన్నయ్య కూతురు నర్సింగ్‌లో చేరింది. ఫీజు కోసం రెండు లక్షలు బదులడిగారు. చేతిలో లేవన్నాను. నిజంగానే లేవు. ఆ నెలలోనే తొమ్మిదో గడియారం కొన్నాను. అన్నయ్యకు ఈ పెట్టె సంగతి తెలియదు" అన్నారు.

సోదరులారా! ఆయన మమ్మల్ని అడిగిన ప్రశ్న ఒకటి, ఆయన అంతరాత్మ ఆయన్ని అడుగుతున్న ప్రశ్న మరొకటి. ఈ రెండింటికీ జవాబు వెతుకుదాం.

పనితనం దైవానుగ్రహమే

ముందుగా ఒక మాట. గడియారాన్ని ఇష్టపడటం పాపం కాదు. అది మానవుడికి అల్లాహ్ ప్రసాదించిన తెలివికి నిదర్శనం. చుట్టిన స్ప్రింగు మెల్లగా విప్పుకుంటూ పళ్ళ చక్రాలను తిప్పుతుంది. ఆ బలమంతా ఒక్కసారిగా జారిపోకుండా ఒక చిన్న కొక్కెం ఆపుతూ వదులుతూ ఉంటుంది. చివరనున్న చక్రం అటూ ఇటూ ఊగుతుంది. నేటి గడియారాల్లో ఎక్కువగా కనిపించే వేగం సెకనుకు 8 ఊపులు, అంటే గంటకు 28,800. ఒరిపిడి తగ్గించడానికి కృత్రిమ కెంపు రాళ్ళు అమరుస్తారు. ఇదంతా రూపాయి బిళ్ళంత చోటులో జరుగుతుంది!

కాలాన్ని కొలిచే విద్యలో మన పూర్వీకులకూ గొప్ప స్థానం ఉంది. అల్ జజరీ 1206లో పూర్తిచేసిన గ్రంథంలో ఏనుగు ఆకారపు నీటి గడియారాన్ని వివరించాడు. డమాస్కస్ ఉమవీ మస్జిదులో నమాజు వేళలను గణించే బాధ్యత వహించిన ఇబ్నుష్షాతిర్ 1371లో అక్కడి మినారుకు ఒక నీడ గడియారాన్ని తయారుచేశాడు. వారు కాలాన్ని కొలిచింది నమాజు వేళ తప్పిపోకూడదని.

మరి నేటి ఖరీదైన గడియారం ఎందుకోసం? వేళ తెలుసుకోవడానికైతే కాదు. స్విట్జర్లాండ్ అధికారిక పరీక్షలో నెగ్గిన క్రోనోమీటరుకు సగటున రోజుకు 4 సెకన్లు వెనక్కి, 6 సెకన్లు ముందుకు తేడా అనుమతిస్తారు. కొన్ని వందల రూపాయల సెల్లు గడియారంలో నెలంతా కలిపినా సుమారు 15 సెకన్లకు మించి తేడా రాదు. 1969లో జపాన్‌లో మొదటి క్వార్ట్జ్ చేతి గడియారం అమ్మకానికి వచ్చిన నాటి నుంచి ఈ పోటీ ముగిసిపోయింది. కాబట్టి లక్షలు పోసి కొంటున్నది వేళను కాదు. పనితనాన్ని కొంటున్నాం, అందాన్ని కొంటున్నాం. నిజం ఒప్పుకోవాలంటే, చాలాసార్లు పేరును కొంటున్నాం.

అలంకారానికి అనుమతి ఉంది, హద్దూ ఉంది

అల్లాహ్ తన దాసుల కోసం సృష్టించిన అలంకార వస్తువులను నిషేధించే అధికారం ఎవరికుందని దివ్య ఖుర్ఆన్ 'ఆరాఫ్' సూరాలో నిలదీస్తుంది. అంతకుముందు ఆయతులోనే తినండి, తాగండి, మితిమీరకండి అని హెచ్చరిస్తుంది. అనుమతి, హద్దు పక్కపక్కనే ఉన్నాయి. మనం ఒకదాన్ని చదివి రెండోదాన్ని దాటేస్తాం.

మంచి బట్టలు, మంచి చెప్పులు కోరుకోవడం అహంకారమా అని ఒకరు దైవప్రవక్త (సఅసం)ను అడిగారు. అల్లాహ్ సౌందర్యవంతుడనీ, సౌందర్యాన్ని ఇష్టపడతాడనీ, సత్యాన్ని తిరస్కరించడం, ప్రజలను చిన్నచూపు చూడటమే అహంకారమనీ ఆయన తెలియజేశారు. కాబట్టి ఒక మంచి గడియారం కట్టుకున్నవాణ్ణి చూసి వేలెత్తి చూపడం మన పని కాదు. అయితే కట్టుకున్నవాడు తనను తాను పరీక్షించుకోవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి.

మొదటిది బంగారం. పురుషులకు బంగారం ధరించడం నిషిద్ధం. ఇక్కడ చాలామంది మోసపోతున్నారు. 'వైట్ గోల్డ్' వెండిలా తెల్లగా మెరిసినా అది బంగారమే. 18 క్యారెట్లంటే వెయ్యి పాళ్ళలో 750 పాళ్ళు బంగారమే. 'రోజ్ గోల్డ్' కూడా అంతే. రంగు మారితే ఆదేశం మారదు. పలుచని పూత విషయంలో పండితుల మధ్య అభిప్రాయభేదం ఉంది. సందేహాస్పదమైన దానికి దూరంగా ఉండటమే క్షేమం. స్త్రీలకు బంగారం విషయంలో ఈ నిషేధం లేదు.

రెండోది డబ్బు వచ్చిన దారి, పోయిన దారి. క్రెడిట్ కార్డు మీద వడ్డీ కడుతూ కొన్న గడియారం ప్రతి నెలా మనల్ని వడ్డీ ఊబిలోకి లాగుతుంది. కస్టమ్స్ సుంకం ఎగవేయడానికి కొత్తదాన్ని చేతికి కట్టుకొని పాతదని చెప్పడం అబద్ధం. 'అందరూ చేసేదే కదా' అన్న మాట రేపు అల్లాహ్ సన్నిధిలో చెల్లదు.

మూడోది లెక్కపెట్టే జబ్బు. సంపద కూడబెట్టి దాన్ని మాటిమాటికీ లెక్కపెట్టుకునేవాడిని 'హుమజ' సూరా తీవ్రంగా హెచ్చరించింది. ఆ సంపద తనను శాశ్వతంగా ఉంచుతుందని అతను భావిస్తాడట! సేకరణలో ఉన్న ప్రమాదం ఇదే. మొదటి గడియారం చేతికోసం కొంటాం. రెండోది పండుగలకు. నాలుగోది నుంచి పెట్టె కోసం కొంటాం. చెయ్యి నిండుతుంది గానీ పెట్టె నిండదు. నిండితే ఇంకో పెట్టె కొంటాం. ఆగిపోకుండా వాటిని తిప్పుతూ ఉండే కరెంటు పెట్టెలు కూడా ఇప్పుడు వచ్చాయి!

మన తండ్రుల కాలం గుర్తు చేసుకోండి. బెంగుళూరులో 1961లో హెచ్‌ఎంటి గడియారాల తయారీ మొదలైంది. పెళ్ళిలో పెట్టిన ఒక్క హెచ్‌ఎంటితో ముప్ఫై ఏళ్ళు గడిపినవారు మన ఇళ్ళలోనే ఉన్నారు. రోజూ ఉదయం కీ ఇచ్చి చేతికి కట్టుకునేవారు. ఆ సంస్థ మూతకు 2016లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. కానీ ఆ గడియారాలు కొన్ని ఇంకా నడుస్తూనే ఉన్నాయి. ఒకే ఒక్క వస్తువుతో తృప్తిపడటమూ ఒక సంపదే.

'పెట్టుబడి' అంటే జకాత్ లెక్క చూడండి

'ఇది దుబారా కాదు, పెట్టుబడి' అని కొందరంటారు. మంచిది. అయితే షరీఅత్ కూడా దాన్ని అలాగే లెక్కిస్తుంది. సొంత వాడకానికి ఉంచుకున్న ఉక్కు గడియారంపై జకాత్ లేదు. లాభానికి అమ్మాలన్న సంకల్పంతో కొన్నదైతే అది వ్యాపార సరుకు. ఏటా నాటి బజారు ధర కట్టి నూటికి రెండున్నర చొప్పున జకాత్ ఇవ్వాలి. పెట్టెలో అలాంటి సరుకు 16 లక్షలుంటే ఏడాదికి 40 వేలు పేదల హక్కు. బంగారు గడియారమైతే, వాడుతున్నా సరే, అందులోని బంగారాన్ని మిగతా బంగారంతో కలిపి లెక్కించాలని హనఫీ పండితులు చెబుతారు. భార్య ముందు పెట్టుబడి అని, జకాత్ వేళ సొంత వాడకమని చెప్పేవారు ఎవరిని మోసగిస్తున్నట్లు?

పైగా ఈ పెట్టుబడి నిలకడ ఎంతో 2022లో అందరూ చూశారు. ఆ ఏడాది మొదట్లో ఆకాశానికెక్కిన పేరుమోసిన గడియారాల మారుబేరపు ధరలు తర్వాత దిగజారాయి.

ఎవరి వెంట ఏది వెళ్ళింది?

హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియం చూడనివారు మనలో తక్కువ. గంట కొట్టే వేళకు అక్కడి గడియారం ముందు జనం గుమిగూడతారు. అందులోంచి చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టి లోపలికి వెళ్ళిపోతుంది. ఆ సంగ్రహంలో ఎక్కువ భాగం సేకరించిన మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949లో కన్నుమూశారు. ఆయనకు సంతానం లేదు. 1951లో ఆ సేకరణ ప్రజలకు మ్యూజియంగా తెరిచారు. ఆ గడియారం ఇంకా గంట కొడుతూనే ఉంది. కొన్నవారు వెళ్ళిపోయారు.

ఇంతకంటే హృదయాన్ని కదిలించే ఉదాహరణ మరొకటి ఉంది. రాజులకు లేఖలు రాసేటప్పుడు ముద్ర వేయడానికి దైవప్రవక్త (సఅసం) ఒక వెండి ఉంగరం చేయించుకున్నారు. అవసరం కోసం చేయించిన ఒక్క ఉంగరం! ఆయన తర్వాత అది హజ్రత్ అబూబక్ర్ (రజి), హజ్రత్ ఉమర్ (రజి), హజ్రత్ ఉస్మాన్ (రజి)ల చేతికి వచ్చింది. ఉస్మాన్ (రజి) కాలంలో అది మదీనాలోని అరీస్ బావిలో పడిపోయింది. మూడు రోజులు నీళ్ళు తోడి వెతికినా దొరకలేదు. ఆ ఉంగరమే మిగలనప్పుడు మన పెట్టెల సంగతేమిటి?

సోదరులారా! ప్రళయదినాన అడిగే ప్రశ్నల్లో ఆయుష్షును ఎందులో గడిపావు, ధనాన్ని ఎలా సంపాదించావు, దేనికి ఖర్చుచేశావు అన్నవి ఉంటాయని హదీసు చెబుతుంది. గడియారాల సేకరణ ఈ ప్రశ్నలన్నింటినీ ఒకేచోట కలుపుతుంది. ఆయుష్షును కొలిచే వస్తువు మీదే ఆయుష్షూ, ధనమూ రెండూ పోతున్నాయి. ఆగిన గడియారానికి కీ ఇస్తే మళ్ళీ నడుస్తుంది. గడిచిన గంటకు కీ ఇచ్చేవారెవరూ లేరు. కాలం సాక్షిగా మానవుడు నష్టంలో ఉన్నాడని 'అస్ర్' సూరా ఎందుకు ప్రకటించిందో, ఆ పెట్టె చూశాక మాకు ఇంకా బాగా అర్థమైంది.

ఆ సోదరుడికి మేము ఇంతే చెప్పాం: "మీ సరదా హరామని మేము అనం. కానీ ఖుర్ఆన్ దుబారా గురించి హెచ్చరించిన చోట ముందుగా ఏం చెప్పిందో చూడండి. బంధువుకు అతని హక్కు ఇవ్వమంది. మీ అన్నయ్య మీ గడప తొక్కినప్పుడు మీ చేతిలో డబ్బు లేకపోవడానికి కారణం ఈ పెట్టె. ముందు ఆ హక్కు తీర్చండి. తర్వాత చేతికి ఒకటి ఉంచుకోండి."

గల్ఫ్‌కు తిరిగి వెళ్ళాక ఆయన ఫోన్ చేశారు. రెండు గడియారాలు అమ్మారట. తాను అనుకున్న ధర రాలేదట. అయినా అన్నయ్య కూతురి ఫీజు పూర్తిగా కట్టారు, అదీ బదులుగా కాదు. "మిగతావాటి జకాత్ లెక్క కూడా వేయిస్తున్నాను. వాటిని ఏం చేయాలో ఇంకా తేల్చుకోలేదు. దుఆ చేయండి" అన్నారు. మేము దుఆ చేశాం. మీరూ చేయండి.

మన చేతికున్న గడియారం ఎంతదైనా కావచ్చు. అజాన్ వినగానే అది మనల్ని లేపుతోందా? బంధువు కష్టంలో ఉన్నప్పుడు మన చేయి ముందుకు చాచనిస్తోందా? ఈ రెండు ప్రశ్నలు ఈ రాత్రి పడుకునే ముందు మనల్ని మనం అడుగుదాం.

మిగిలిన ఆయుష్షును విలువైనదిగా మలచుకునే భాగ్యాన్ని, ఉన్నదానితో తృప్తిపడే హృదయాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.