యూ, ఆప్, మీరు

మా ఇంట్లో అబ్బాని 'ఆప్' అంటాం. తమ్ముణ్ణి 'తుమ్' అంటాం. గల్లీ దోస్తుని 'తూ' అంటాం. గడప దాటి తెలుగులోకొస్తే మీరు, నువ్వు. ఇన్ని మెట్లు ఎక్కి దిగిన నాలుక ఇంగ్లీషు క్లాసులో ఒక్క 'యూ' దగ్గర ఆగిపోయింది. సారుని ముఖాన 'యూ' అనటానికి నోరు రాలేదు. 'విల్ సర్ కమ్ టుమారో' అని ఆయన్నే అడిగేవాణ్ణి. క్లాసంతా నవ్వేది.

ఆ నవ్వు ఉద్యోగం దాకా వెంటొచ్చింది. పత్రికలో చేరిన కొత్తలో ఒక అధికారిని 'వాట్ ఈజ్ యువర్ గుడ్ నేమ్' అనడిగాను. 'నాకు బ్యాడ్ నేమ్ కూడా ఉందా?' అన్నాడాయన. మాలో పేరడగాలంటే 'ఇస్మే షరీఫ్' అంటారు. ముందు గౌరవం, తర్వాతే పేరు. ఆ గౌరవాన్నే నేను ఇంగ్లీషులోకి మోసుకుపోయాను.

భాషాశాస్త్రవేత్త జెన్నీ థామస్ 1983లో ఇలాంటి తడబాట్లని రెండుగా విడదీసింది. మన వాడుకను అలాగే పరాయి భాషలో పెట్టటం ఒకటి. దాన్ని తేలిగ్గా నేర్పి దిద్దొచ్చు. ఎవరితో ఎలా మెలగాలన్న విలువల్లోనే తేడా రావటం రెండోది. అక్కడ దిద్దుబాటు మాట మీద కాదు, మనిషి మీద పడుతుంది.

'గుడ్ నేమ్' మానేశాను. నష్టం లేదు. కానీ 'రేపటికి రిపోర్టు ఇస్తావా?' అన్న పై అధికారికి 'ఇన్షా అల్లా' అన్నాను. 'యెస్సా, నోనా?' అని గద్దించాడు. రేపు నా చేతిలో లేదన్న వినయం ఆయనకి తప్పించుకోవటంగా వినిపించింది. మా తెలుగు పొరుగింటాయన 'వెళ్తున్నా' అనడు, అశుభమని 'వెళ్లొస్తా' అంటాడు. ఇంగ్లీషులోనూ 'ఐ విల్ గో అండ్ కమ్' అంటాడు. ఇద్దరిదీ ఒకటే భయం, ఒకటే వినయం. కాని ఆయన మాటకి నవ్వి ఊరుకుంటారు. నా మాటకి అనుమానిస్తారు. ఈ తేడా ఏ వ్యాకరణంలో ఉంది?

మనలోనూ పని ఎగ్గొట్టటానికి 'ఇన్షా అల్లా'ని అడ్డం పెట్టుకునే వాళ్లున్నారు. ఒప్పుకోవాలి. ఎదుటివాడికి రిపోర్టు ఎప్పుడొస్తుందో తెలియాలి, అది అతని హక్కు. అందుకే ఇప్పుడు ముందు 'యెస్' అని టైము చెప్తాను. తర్వాత 'ఇన్షా అల్లా' అంటాను.

మొదటిది అతనికివ్వాల్సిన జవాబు. రెండోది నా తమీజు. ఇంగ్లీషు నేర్చుకున్నందుకు దాన్ని వదులుకోవాలా?