కెమెరాకి కనిపించినంత

ఫోటో అబద్ధం చెబుతుందా అన్నది పాత ప్రశ్నే. నాకు మాత్రం అది మా నాన్న వల్ల కొత్తగా ఎదురైంది.

2024 మే 10, శుక్రవారం. 2003 తర్వాత అంత తీవ్రమైన భూఅయస్కాంత తుఫాను రావడం అదే మొదలు. ఉత్తర ధ్రువకాంతులు సియాటిల్ నగరంలోంచే కనిపించాయి. ఆ రాత్రి నేను ఆన్‌కాల్‌లో ఉన్నాను. పడిపోయిన సర్వర్లని లేపే హడావిడిలో కిటికీ వైపు కూడా చూడలేదు. తెల్లారి ఫోన్ తెరిస్తే తెలిసినవాళ్ళందరి స్టేటస్‌లలో గులాబీ, ఆకుపచ్చ ఆకాశం. ఊరంతా పెళ్ళిభోజనం చేసొస్తే నేనొక్కణ్ణే ఇంట్లో చద్దన్నం తిన్నట్టయింది.

రెండోసారి తప్పిపోకూడదని పక్కాగా ప్లాన్ వేశాను. సున్నా నుంచి తొమ్మిది దాకా ఉండే కేపీ సూచీని చూడటం నేర్చుకున్నాను. సియాటిల్ అక్షాంశంలో అది ఏడు దాకా వస్తే ఆశ పెట్టుకోవచ్చు. అంతకన్నా గట్టి కబురు భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుడి వైపున్న ఉపగ్రహాలది. సౌరగాలి మోసుకొచ్చే అయస్కాంత క్షేత్రం దక్షిణానికి తిరిగిందో లేదో అవి అరగంటో గంటో ముందు చెబుతాయి. అలా తిరిగితేనే భూమి అయస్కాంత కవచం తలుపులు తెరుచుకుంటాయి. ఇక నిలబడే చోటు: ఊరి వెలుతురు వీపు వెనక ఉండాలి, అంటే ఊరికి ఉత్తరాన. ట్రైపాడ్, వైడ్ లెన్స్, ఎఫ్ 2.8, ఐఎస్ఓ 1600, 8 సెకన్ల ఎక్స్‌పోజర్. ఆటోఫోకస్ ఆపేసి, ఏదో ఒక నక్షత్రం మీద చేత్తో ఫోకస్.

ఆగస్టులో అవకాశం వచ్చింది. గంటన్నర డ్రైవ్ చేసి డిసెప్షన్ పాస్ దగ్గర, ఉత్తరానికి అడ్డం లేని ఒక రోడ్డు మలుపులో ఆగాను. విడ్బీ దీవిని ద్వీపకల్పం అనుకుని మోసపోయిన నావికుడు వాంకూవర్ 1792లో ఆ జలసంధికి 'మోసం' అని పేరు పెట్టాడు. నాకు ఆ రాత్రి అది గుర్తు రాలేదు. చెట్ల పైన బూడిదరంగు మరక లాంటిదేదో ఉంది. మబ్బేమో అనుకున్నాను. ఎనిమిది సెకన్ల తర్వాత కెమెరా తెర మీద చూస్తే, ఆకాశంలో ఎవరో ఆకుపచ్చ చీర ఆరేసినట్టుంది.

నాన్నకి పంపాను. "నీ కంటికి కూడా ఇలాగే కనబడిందా?" అని అడిగాడు.

"అవును నాన్నా, అచ్చం ఇలాగే" అన్నాను.

తర్వాత నన్ను నేను సమర్థించుకున్నాను. ఫోటోలో ఏదీ కల్పించలేదు కదా. వంద కిలోమీటర్ల పైన ఆక్సిజన్ పరమాణువులు వదిలే 557.7 నానోమీటర్ల కాంతి అది. చీకట్లో మన కంట్లో పనిచేసే రాడ్ కణాలకి రంగు తెలియదు, రంగు తెలిసిన కోన్ కణాలకి ఆ వెలుతురు చాలదు. వెలుతురుని సెకన్ల తరబడి పోగుచేసుకోవడం కంటికి చేతకాదు, కెమెరాకి చేతనవును. అలాంటప్పుడు కన్నే కొలబద్ద ఎందుకవ్వాలి? మే తుఫాను రాత్రి లదాఖ్‌లోని హాన్లేలో కూడా పరిశోధకుల కెమెరాలకి ఎర్రటి కాంతి చిక్కింది. అది అబద్ధమా?

ఈ వాదన అక్టోబరు దాకా బాగానే నిలబడింది. అప్పటికి నాన్న మా దగ్గరే ఉన్నాడు. శుక్లాల ఆపరేషన్ అయి ఏడాది. మళ్ళీ తుఫాను హెచ్చరిక రాగానే అదే మలుపుకి తీసుకెళ్ళాను. నేను ట్రైపాడ్ సర్దుతుంటే ఆయన స్వెట్టర్ మీద శాలువా కప్పుకుని ఉత్తరానికి చూస్తున్నాడు.

"ఏదిరా?"

"అదిగో నాన్నా, ఆ చెట్ల మీద."

కళ్ళద్దాలు తీసి, శాలువా కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "తెల్లగా పొగలాగుందిరా. నా ఆపరేషనే సరిగ్గా కుదిరినట్టు లేదు. వెళ్ళగానే డాక్టరుకి చూపించుకోవాలి."

నా వాదన కూలింది అక్కడే. హాన్లే ఫోటో 'కెమెరాకి ఇది చిక్కింది' అంటుంది, అంతే. నా ఫోటో కూడా అంతకుమించి ఏమీ అనలేదు. 'నేను చూశాను' అన్నది నేను. చూశానని చెప్పేవాడు తన కళ్ళని తాకట్టు పెట్టి మాట్లాడతాడు. ఆ మాట తప్పయితే నష్టపోయేది నమ్మినవాడే. కొడుకు అబద్ధమాడాడని నాన్నకి తట్టలేదు. తన కళ్ళే పోయాయనుకున్నాడు. మన ఫోటోలు చూసి అంతంత దూరాలు వెళ్ళి, 'ఏమీ లేదు' అని తిరిగొచ్చేవాళ్ళకి కూడా జరిగేది ఇదే అనుకుంటా. అక్కడ ఉన్నది లేనట్టే అయిపోతుంది.

చెప్పేశాను. నాకూ పొగలాగే కనిపిస్తోందని, ఆగస్టులోనూ అలాగే కనిపించిందని.

నాన్న కాసేపు మాట్లాడలేదు. "ఆ రోజే చెప్పుంటే పొగనే చూడ్డానికి వచ్చేవాణ్ణిగా" అన్నాడు. తర్వాత, "ముందు ఆ తెర ఆర్పు, కళ్ళలోకి కొడుతోంది" అన్నాడు.

ఆర్పేశాను. కళ్ళు చీకటికి అలవాటు పడడానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుందని చదివి కూడా, ఆగస్టులో ప్రతి నిమిషం ఆ తెరనే చూస్తూ గడిపాను. ఈసారి ఇద్దరం ఊరికే నిలబడ్డాం. చాలాసేపటికి ఆ బూడిదరంగులో నిలువు గీతలు లేచాయి, మెల్లగా తూర్పుకి జరిగాయి.

"కదుల్తోందిరా" అన్నాడు నాన్న.

ఆగస్టు ఫోటో ఇంకా నా పేజీలోనే ఉంది, తీసెయ్యలేదు. కింద ఒక వాక్యం మాత్రం చేర్చాను: 'ఈ రంగు కెమెరా చూసింది, నాకు బూడిదరంగే కనిపించింది.'