లెక్క దాచని వర్తకుడు

ఆపద మనుష్యుని అడిగి రాదు. వచ్చిన పిమ్మట అతడేమి చేస్తాడన్నదే ప్రశ్న. విధిని నిందిస్తూ కూర్చుండుట ఒక మార్గం. ఉన్న స్థితిని ఉన్నట్లు ఒప్పుకొని, అక్కడినుండి తరువాతి అడుగు వేయుట మరొక మార్గం.

1586లో జౌన్‌పూర్‌లో జన్మించిన బనారసీదాసు రత్నాల వర్తకుడు, కవి. ఆగ్రాలో అతని తొలి వ్యాపారం మునిగిపోయింది. రాత్రులు ప్రేమకథాకావ్యాలు నలుగురికీ చదివి వినిపిస్తూ, ఒక కచోరీల అంగడిలో అరువుమీద తింటూ కాలం గడిపాడు. ఒకనాడు తన చేత చిల్లిగవ్వ లేదనీ, ఇక అరువు పెట్టవద్దనీ అంగడివానితో తానే చెప్పివేశాడు. అది నిలదీసిన మీదట వెలువడిన మాట కాదు. అంగడివాడు అరువు ఆపలేదు. పిదప భాగస్వామ్యంలో వర్తకం సాగించి బనారసీదాసు ఆ బాకీ తీర్చాడు. అతని ప్రయత్నానికి నాంది మూలధనం కాదు, ఆ ఒప్పుకోలే.

అయితే జీవితంలో ప్రతి నష్టమూ పూడేది కాదు. అతనికి కలిగిన తొమ్మండుగురు బిడ్డలూ మరణించారు. ఇక్కడ పురుషకారం చేయగలిగినదేమి? 1641లో, యాభైయైదేండ్ల వయస్సున, అతడు తన జీవితాన్ని 'అర్ధకథానక్' అనే పేర పద్యాలలో వ్రాశాడు. తన గుణాలతోపాటు దోషాలనూ, లాభాలతోపాటు నష్టాలనూ అందులో ఎక్కించాడు. మనుష్యాయువు నూటపదియేండ్లని ఎంచి, దానిని సగం కథ అన్నాడు.

ఆ గ్రంథం బిడ్డలను తిరిగి తేలేదు. కాని అన్నీ పోయినవాడు సైతం తన లెక్క ముగిసినదని అనలేదు. దుఃఖాన్ని జయించుట అందరికీ సాధ్యం కాదు. దానిని దాచక, దాని యెదుట పని మానక నిలుచుట మాత్రం సాధ్యమే.