పనికివచ్చిన పాత ఇంజను

ధ్యాన భాగము: ఫిలేమోనుకు వ్రాసిన పత్రిక, 8–20 వచనములు



వికారాబాదు, తాండూరుల మధ్య తిరుగు పికప్పు బండ్లను మనమందరము ఎరుగుదుము. తాండూరు బండలను, 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందులను, సంతకు పోవు కూరగాయలను, పెండ్లి సామానును అవే మోయుచుండును. ఒక్కొక్క పాత బండిమీద ఒక్కొక్క ఇల్లు గడుచుచుండును. గనుక ఆ బండి నీలిపొగ కక్కి, అనంతగిరి ఎక్కుడులో బలము చాలక నిలిచిన దినమున యజమానుని గుండె జారిపోవును.

నీలిపొగ వచ్చినదనగా ఆయిలు కాలుచున్నదని అర్థము. డీజిలు ఇంజనులో గాలిని గట్టిగా నొక్కగా పుట్టిన వేడిమికే ఇంధనము అంటుకొనును. పిస్టను రింగులు, లైనర్లు అరిగినచో ఆ ఒత్తిడి నిలువదు. ఒత్తిడి పోగా బలమును పోవును. కొత్త ఇంజను కొనుటకు శక్తి చాలనివాడు ఉన్నదానినే బాగుచేయించుకొనును. లేనియెడల, ప్రమాదములో బాడీ నలిగి ఇంజను మాత్రము మిగిలిన మరియొక బండినుండి వాడిన ఇంజను తెచ్చుకొనును. తుక్కులో పడియున్నది మరల ఒక ఇంటికి అన్నము పెట్టును.

ఒనేసిము అట్టివాడే. ఆ పేరునకు ప్రయోజనకరుడని అర్థము. కాని యజమానుడైన ఫిలేమోనుకు అతడు పేరునకు తగినవాడు కాకపోయెను. అతనిని ఎడబాసి వెళ్లెను. చెరలోనున్న పౌలు ఆ దాసుని ప్రభువునందు కుమారునిగా ఎంచి, ఇప్పుడితడు ఇద్దరికిని అక్కరకు వచ్చునని యజమానునికి తెలియజేసెను. పనికిరాడని విడిచినవానిని మరల చేర్చుకొనుట ఎట్లు? మెకానిక్కు షెడ్డులో జరుగు పని మనకు మూడు సంగతులు నేర్పుచున్నది.

మొదటిది పరీక్ష. మంచి మెకానిక్కు ఇంజనుకు పూసిన రంగును చూచి మోసపోడు. ప్రతి సిలిండరులోని ఒత్తిడిని గేజితో కొలిచి, అన్నిటిలో ఇంచుమించు సమానముగా నున్నదా అని చూచును. ఇంజను నడుచుచుండగా ఆయిలు మూత తీసి, పొగ ఎగదన్నుచున్నదా అని చూచును. ఆయిలు పాలవలె తెల్లబడినచో నీరు కలిసినదని, హెడ్ గ్యాస్కెటు పోయి యుండవచ్చునని గ్రహించును. అందులో లోహపు పొడి మెరసినచో బేరింగులను అనుమానించును. ప్రేమకును ఇట్టి కన్నులు కావలెను. తాగుడు మానితినని వచ్చిన సహోదరుని నమ్ముదము. అయితే మొదటి దినముననే సంఘపు పెట్టె తాళము అతని చేతికిచ్చి శోధనలోనికి త్రోయకుందము.

రెండవది కూర్పు. బ్యాటరీ తీగ విప్పి, రేడియేటరు నీటిని, ఆయిలును తీసివేసి, పాత ఇంజనును చైన్ పుల్లీతో పైకెత్తుదురు. తెచ్చిన ఇంజనును దాని చోటిలో దింపునప్పుడే అసలు ఓర్పు కావలెను. గేరు బాక్సు షాఫ్టు పండ్లు క్లచ్ ప్లేటు నడిమి గాళ్లలో సూటిగా దూరవలెను. సూటి కుదరకముందే బోల్టులు బిగించి లాగినచో ప్లేటు చెడును. పని ఎరిగినవాడు కొంచెము ఎత్తి, కొంచెము దించి, చేతితో త్రిప్పి కుదుర్చును. ఫౌండేషను రబ్బర్లు చీలియున్నచో వాటినికూడ మార్చును. మార్చనియెడల మంచి ఇంజను సహితము అదరి, బండినంతటిని వణికించును.

అప్పుడు తప్పు ఇంజనుదా, దానిని మోయు చోటుదా? మేము పల్లెలు తిరుగునప్పుడు దీనిని చూచుచున్నాము. జైలునుండి విడుదలైనవాడు ఆరాధనకు వచ్చి చివరి చాపమీద కూర్చుండగా, ప్రక్కవారు జరిగి కూర్చుందురు. వాని సంగతి మనకు తెలియదా అని గుసగుసలాడుదురు. అతడు రెండు ఆదివారములు వచ్చి మూడవది మానును. చూచితిరా, మేము చెప్పలేదా అని అప్పుడందురు. అతనికి చోటు చేయుటకు మనలో ఎవరు ఏమి మార్చుకొంటిమి?

మూడవది లెక్క. ప్రతి ఇంజనుమీద చెక్కబడిన నంబరు ఆర్.సి.లో వ్రాయబడి యుండును. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, ఇంజను మార్చినవాడు 14 దినములలోగా రిజిస్టరింగు అధికారికి తెలియజేసి, ఆ మార్పును ఆర్.సి.లో నమోదు చేయించవలెను. ఏ అనుమతి కావలెనో పని మొదలుపెట్టకముందే రవాణా కార్యాలయములో అడుగుట క్షేమము. రసీదు, పాత బండి కాగితములు లేని ఇంజను ఎంత చవకగా దొరికినను ముట్టరాదు. అది దొంగసొత్తు కావచ్చును.

పౌలు కూడ లెక్క దాచలేదు. ఒనేసిమును చెంత నుంచుకొనవలెనని మనస్సున్నను, యజమానుని సమ్మతి లేక ఉంచుకొనక, పత్రిక వ్రాసి పంపెను. అతడు చేసిన నష్టమేదైనను, ఉన్న బాకీ యేదైనను తన పేరట వ్రాసికొనుమని, స్వహస్తముతో పూచీ పడెను. సిలువమీద మన ప్రభువు మనకొరకు పడిన పూచీ ఇట్టిదే గదా!

ఇంకొక్క మాట. ఇంజను బిగించిన దినముననే ఎవరును నిండుగా బండలు ఎత్తరు. కొత్త ఆయిలు, కొత్త ఫిల్టరు వేసి, డీజిలు గొట్టములోని గాలి తీసి, వట్టి బండిని నడిపి శబ్దము విందురు. నీరుగాని ఆయిలుగాని కారుచున్నదేమో చూతురు. కొంత దూరము పోయిన తరువాత బోల్టులు మరల చూతురు. తిరిగి వచ్చినవానికిని అట్టి కనిపెట్టుట కావలెను. సంఘపెద్దలలో ఒకరు వారమునకొకసారి అతని ఇంటికి పోవలెను. చిన్న పని ఒకటి అప్పగింపవలెను. అతనిని కూలికి పెట్టుకొనుటకు సందేహించు బండల గని యజమానుని యొద్దకు మనలో ఒకరు పోయి, ఇతనికి మేము పూచీ అని చెప్పవలెను.

ఫిలేమోను ఏమి ప్రత్యుత్తరమిచ్చెనో లేఖనములలో లేదు. కాని కొలస్సయులకు వ్రాసిన పత్రిక 4వ అధ్యాయము 9వ వచనములో పౌలు ఒనేసిమును నమ్మకమైన సహోదరునిగా, ఆ ఊరివారిలో ఒకనిగా పేర్కొనెను. మన ఊరివారిలో ఒకనిగా మరల పిలువబడుటకు ఎదురు చూచుచున్న మనుష్యుడెవడో మనకు తెలియును. ఈ నెల గతించకముందే అతని గడప త్రొక్కుదము. అందుకు తగిన ప్రేమను, ఓర్పును ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.